చొక్కా ధర చీటీలో లేని ఖర్చు



పండుగ దగ్గర పడిందంటే చాలు, మన ఊళ్ళలో బట్టల దుకాణాల ముందు పెద్ద పెద్ద బోర్డులు లేస్తాయి. ఒకటి కొంటే ఒకటి ఉచితం. సగం ధరకే చొక్కాలు. ఆషాఢం తగ్గింపు, దసరా తగ్గింపు, సంక్రాంతి తగ్గింపు. బళ్ళారిలో ఈ బోర్డు కన్నడంలో ఉంటుంది, హోసూరులో తమిళంలో ఉంటుంది, బరంపురంలో ఒడియాలో, నాందేడులో మరాఠీలో ఉంటుంది. లిపి మారుతుంది గాని మాట ఒక్కటే. ఈ మధ్య దుకాణం దాకా పోవలసిన పని కూడా లేదు. ఫోను మీద వేలు ఆనిస్తే మూడోనాటికి పొట్లం గుమ్మంలో ఉంటుంది.

మీరు అలా ఒక చొక్కా కొన్నారనుకుందాం. గుండ్రటి మెడతో ఉండే అల్లిక చొక్కా, పిల్లలు టీ షర్టు అంటారే, అది. ధర చీటీ మీద మూడు వందల రూపాయలని ఉంది. మీరు మూడు వందలు ఇచ్చారు, చొక్కా మీదైంది, లెక్క సరిపోయింది. నిజంగా సరిపోయిందా? ఈ చొక్కాకు అయిన ఖర్చంతా ఆ మూడు వందల్లో ఉందా? ఉండకపోతే మిగిలినది ఎవరు కట్టారు? ఈనాటి ప్రసంగంలో మనం చూడబోయేది ఈ ఒక్క ప్రశ్ననే.

ఈ ప్రశ్న మన సరిహద్దు జిల్లాల వాళ్ళకు బాగా దగ్గరిది. ఎందుకంటే ఈ చొక్కా ఎక్కడో దూరదేశంలో పుట్టి రాలేదు. పత్తి గింజ మొదలు కుట్టుపని దాకా మన పక్క పొలాల్లో, మన పక్క ఏటిగట్ల మీద, మన బంధువులు పనిచేసే మిల్లుల్లో తయారై వచ్చింది. అందుకని చొక్కా నడిచిన దారినే మనమూ ఒకసారి నడిచి చూద్దాం.

మొదటి మజిలీ విత్తనం. రాయచూరు నుంచి తూర్పుగా వస్తే గద్వాల ప్రాంతం. అక్కడికి దక్షిణంగా తుంగభద్ర దాటితే కర్నూలు, నంద్యాల ప్రాంతాలు. సంకర పత్తి విత్తనం ఉత్పత్తికి ఇవి పేరుపడిన చోట్లు. సంకర విత్తనం దానంతట అది తయారు కాదు. ఒక రకం మొక్క మీది మొగ్గను సాయంత్రం పూట చేత్తో ఒలిచి అందులోని పుప్పొడి భాగాన్ని గిల్లి తీసేయాలి. మరునాటి ఉదయం వేరే రకం మొక్క పువ్వు తెచ్చి దాని పుప్పొడిని ఈ మొగ్గకు రాయాలి. ఒక మొగ్గ కాదు, ఒక మొక్క కాదు, ఎకరాలకు ఎకరాలు, రోజుల తరబడి ఇదే పని. రైతులు దీన్ని క్రాసింగ్ పని అంటారు. మొక్క నడుమెత్తు ఉంటుంది, మొగ్గ చిన్నది, కూలి ఖర్చు తగ్గాలి. ఈ మూడూ కలిసి ఏం జరిగిందంటే, 1990లలోనూ ఆ తరువాతా ఈ పనికి వేలాది చిన్నపిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పెట్టారు. పరిశోధకులు ఊరూరా తిరిగి ఈ విషయం బయటపెట్టిన తరువాత, బడి ఉద్యమాల వల్ల, విత్తన కంపెనీల మీద వచ్చిన ఒత్తిడి వల్ల కొంత తగ్గింది. కాని ఆ సంవత్సరాల్లో బడి మానేసి మొగ్గలు ఒలిచిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు. వాళ్ళు పోగొట్టుకున్న చదువు ఏ చొక్కా ధరలోనూ చేరలేదు.

రెండో మజిలీ పత్తి చేను. పత్తికి నీళ్ళు బాగా పడతాయని మీకు తెలుసు. ఒక మామూలు నూలు చొక్కాకు సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందని అంతర్జాతీయ సంస్థలు వేసిన అంచనా ఒకటి బాగా ప్రచారంలో ఉంది. ఒక మనిషి రెండు మూడేళ్ళు తాగే నీరు అది. అయితే విదర్భలో, ఆదిలాబాదులో మన రైతులు పండించే పత్తిలో చాలా భాగం వానమీద ఆధారపడిందే కనుక ఆ లెక్క అక్కడ అచ్చంగా వర్తించదు. మన చేలల్లో అసలు ఖర్చు వేరే చోట ఉంది. అది పురుగుమందులో ఉంది.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన ఆదిలాబాదుకు సరిహద్దు జిల్లా అది. తెలుగు మాట వినిపించే ఊళ్ళు అక్కడా ఉన్నాయి. ఆ ఏడు పత్తి మొక్కలు మనిషి ఎత్తుకు పెరిగాయి. పురుగు తగిలింది. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. మొక్క నడుము దాకా ఉన్నప్పుడు మందు కిందికి పడుతుంది. తల ఎత్తు పెరిగిన చేలో కొడితే ఆ తుంపర కొట్టేవాని ముఖం మీదికే వస్తుంది. మూతికి గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు. ఆ కొద్ది నెలల్లో ఆ ఒక్క జిల్లాలోనే ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కొందరి చూపు దెబ్బతిన్నది. వాళ్ళలో చాలామంది సొంత చేను కూడా లేని రోజుకూలీలు. ఆ ఏడాది పత్తి మాత్రం ఎప్పటిలాగే జిన్నింగు మిల్లుకు పోయింది, బేళ్ళు కట్టారు, దారం అయింది. ఆ దారంతో నేసిన బట్ట మీద ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు.

మూడో మజిలీ నూలు మిల్లు. కోయంబత్తూరు, తిరుప్పూర్, దిండిగల్ ప్రాంతాల్లో నూలు మిల్లులు వందల సంఖ్యలో ఉన్నాయి. ఆ ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. సేద్యంలోనూ, మగ్గం మీదా, మిల్లు యాజమాన్యంలోనూ, మిల్లు కూలీలోనూ మనవాళ్ళు ఉన్నారు. ఈ మిల్లులకు పల్లెల నుంచి పెళ్ళికాని ఆడపిల్లలను తెచ్చే ఒక పద్ధతి సుమంగళి అనే పేరుతో చాలాకాలం నడిచింది. మాట చాలా మంగళకరంగా ఉంది కదా! పద్ధతి ఏమిటంటే, పిల్ల మూడేళ్ళు మిల్లు హాస్టల్లోనే ఉండి పనిచేయాలి. నెలనెలా కొద్దిపాటి జీతం ఇస్తారు. మిగిలినది పట్టి ఉంచి, మూడేళ్ళు నిండాక ఒకేసారి ముప్ఫై వేలో, యాభై వేలో చేతిలో పెడతారు. పెళ్ళి ఖర్చుకు, అంటే విడమరచి చెప్పాలంటే కట్నానికి పనికివస్తుందని. కట్నం తీసుకోవటం 1961 చట్టం ప్రకారం నేరం. ఆ నేరం కోసమే ఒక జీతం పథకం!

ఇందులో మెలిక ఎక్కడుందంటే, మూడేళ్ళు నిండకుండా జబ్బుచేసి ఇంటికి పోయిన పిల్లకు ఆ మొత్తం దక్కకపోవటం చాలాచోట్ల జరిగింది. ఆ డబ్బు కానుక కాదు, ఆమె చేసిన పనికి రావలసిన జీతమే. రాత్రి పాళీలు, గాలిలో దూది పీచు, ఎడతెగని యంత్రాల రొద. ఆ పీచు ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం పట్టుకుంటుంది. మిల్లుపని చేసినవాళ్ళు సోమవారం ఛాతీ బిగుసుకుపోతుందని చెప్పటం వైద్యులకు బాగా తెలిసిన లక్షణం. ఒకరోజు సెలవు తరువాత మళ్ళీ పీచులోకి అడుగుపెట్టగానే ఊపిరి పట్టేస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇలాంటి సుమంగళి పథకాలకే సరిపోతుంది.

ఇక నాలుగో మజిలీ. ఇక్కడ కొంచెంసేపు ఆగాలి. ఎందుకంటే మన చొక్కాకు రంగు పడేది ఇక్కడే.

తిరుప్పూర్ పట్టణం నడుమగా నొయ్యల్ అనే ఏరు పోతుంది. కోయంబత్తూరుకు పడమరనున్న వెళ్ళియంగిరి కొండల్లో పుట్టి, తూర్పుగా పారి, కరూర్ దగ్గర కావేరిలో కలుస్తుంది. పూర్వం ఆ ఏటి పొడవునా గొలుసుగా చెరువులు ఉండేవి. ఒక చెరువు నిండి అలుగు పారితే మరో చెరువుకు నీళ్ళు. 1980ల తరువాత తిరుప్పూర్ బనియన్లు, టీ షర్టులు ప్రపంచమంతా అమ్ముడుపోవటం మొదలైంది. ఒక్కొక్కటిగా రంగుల కార్ఖానాలు వందల్లోకి పెరిగాయి.

నూలు బట్టకు రంగు అద్దటంలో ఒక చిక్కు ఉంది. రంగు నీళ్ళలో కరిగి ఉంటుంది, బట్టను అంత సులభంగా పట్టదు. దాన్ని నీళ్ళలోంచి బట్టలోకి నెట్టడానికి ఉప్పు వేస్తారు. చిటికెడు కాదు. ముదురు రంగైతే కిలో బట్టకు అరకిలో పైచిలుకు ఉప్పు పడుతుంది. రంగు బట్టలో ఉండిపోతుంది గాని ఉప్పు ఉండదు, మొత్తం నీళ్ళతో బయటికి పోతుంది. ఆ తరువాత బట్టను మళ్ళీ మళ్ళీ కడగాలి. పాత పద్ధతుల్లో కిలో బట్టకు వంద లీటర్లకు మించి నీళ్ళు ఖర్చయ్యేవి. ఆ నీరు ఏటిలోకే పోయేది. శుద్ధి కేంద్రాలు పెట్టలేదా అంటే పెట్టారు. కాని మామూలు శుద్ధితో రంగు విరుగుతుంది, మడ్డి కిందికి దిగుతుంది, ఉప్పు మాత్రం కదలదు. కంటికి తేటగా కనిపించే నీరు కూడా పైరుకు విషమే. ఇదే అసలు మోసం. రంగు పోయింది కనుక నీరు బాగుపడిందని చూసేవాళ్ళు అనుకుంటారు. వేరుకు మాత్రం నిజం తెలుసు.

ఈ ఏటి మీద తిరుప్పూర్‌కు దిగువన ఒరత్తుపాళయం దగ్గర 1992లో ఒక ఆనకట్ట కట్టారు. ఈరోడ్, కరూర్ ప్రాంతాల రైతులకు సాగునీరు ఇవ్వాలని దాని ఉద్దేశం. నాలుగైదేళ్ళు తిరక్కుండానే అది రంగునీళ్ళ తొట్టిగా మారిపోయింది. ఆనకట్ట నిండితే రైతు సంతోషించాలి. ఇక్కడ ఆనకట్ట నిండితే రైతు భయపడ్డాడు. తలుపులు ఎత్తవద్దని ఆయకట్టు రైతులే మొరపెట్టుకున్నారు. లోకంలో ఇంతకంటే విడ్డూరం ఉంటుందా? నీళ్ళు అడిగే రైతును చూశాం గాని, నీళ్ళు వద్దని కోర్టుకెక్కిన రైతును నొయ్యల్ గట్టున చూశాం. చుట్టుపక్కల బావులు ఉప్పదేరాయి. వరి, పసుపు పండిన మడులు బీడుపడ్డాయి. కొబ్బరి చెట్లు మోడైపోయాయి. పశువులకు కూడా తాగునీరు బయటినుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

ఆ రైతులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2006లో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2009లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. అయినా వ్యర్థజలం ఆగకపోవటంతో 2011 జనవరిలో హైకోర్టు తిరుప్పూర్ రంగుల కార్ఖానాలన్నింటినీ మూసివేయమని ఆదేశించింది. ఆ తరువాత ఒక చుక్క కూడా బయటికి వదలకూడదన్న షరతు మీద, వడపోత పొరలతో నీటిని, ఉప్పును విడదీసి, మిగిలినదాన్ని ఇగిరించే యంత్రాలు పెట్టుకున్నవాళ్ళే తెరుచుకోగలిగారు. ఇది చిన్న విజయం కాదు. నీటిని, చాలావరకు ఉప్పును కూడా మళ్ళీ వాడుకోవచ్చని ఆ ఊరు చేసి చూపించింది. అయితే ఈ యంత్రాలకు కరెంటు ఖర్చు చాలా ఎక్కువ. ఆ ఖర్చు చొక్కా ధరలో చేరాలి. కొనేవాడు దమ్మిడీ ఎక్కువ ఇవ్వనంటే, చీకటిమాటున తూము ఎత్తేయాలన్న ఆశ ఎవరికో ఒకరికి పుడుతూనే ఉంటుంది.

ఇప్పుడు మనం మొదలుపెట్టిన ప్రశ్నకు జవాబు దొరికింది. చొక్కా మూడు వందలకు రావటం వెనుక మాయ ఏమీ లేదు. కొంత ఖర్చును గద్వాల పిల్ల బడి రూపంలో కట్టింది. కొంత యవత్మాల్ కూలీ ఊపిరి రూపంలో కట్టాడు. కొంత మిల్లుపిల్ల ఆరోగ్యం రూపంలో, కొంత నొయ్యల్ దిగువ రైతు బావి రూపంలో చెల్లింది. చవక అంటే ఖర్చు తగ్గటం కాదు. చాలాసార్లు చవక అంటే ఖర్చు చేతులు మారటం. ధర చీటీ మీద కనిపించనిది ఎవరో ఒకరి ఇంట్లో కనిపిస్తుంది.

ఇది ఒక్క బట్టల సంగతే కాదు. మన పాలారును చూడండి. కర్ణాటకలో పుట్టి, కుప్పం మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో కొద్ది దూరం పారి, తమిళనాడులో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట పక్కగా పోతుంది. అక్కడి తోళ్ళ కార్ఖానాల వ్యర్థం ఏటినీ, బావులనూ పాడుచేసిన కేసులో 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు గొప్ప తీర్పు ఇచ్చింది. పాడుచేసినవాడే నష్టం చెల్లించాలి, నష్టం జరగకముందే జాగ్రత్తపడాలి అన్న రెండు సూత్రాలు మన దేశపు చట్టంలో భాగమేనని చెప్పింది. దాదాపు 35 వేల హెక్టార్ల సాగుభూమి దెబ్బతిన్నదన్న సర్వే లెక్క ఆ కేసులోనే వచ్చింది. అదే పాలారు గురించి 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పవలసి వచ్చింది. నడుమ ఇరవై ఎనిమిదేళ్ళకు పైగా గడిచాయి. ఒకసారి పాడైన ఏటిని బాగుచేయటం ఎంత కష్టమో ఇంతకంటే వేరే చెప్పనక్కరలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక్కడ మీలో ఎవరికైనా ఒక సందేహం రావచ్చు. "బాగానే చెప్పారు గాని, అందరూ కొనటం మానేస్తే తిరుప్పూర్‌లో లక్షలమంది కూలి ఏమవుతుంది? బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు కుట్టి బతికే కుటుంబాలు ఏమవుతాయి?" అని. న్యాయమైన ప్రశ్న. 2011లో కార్ఖానాలు మూతపడినప్పుడు ముందుగా పస్తులున్నది కూలివాళ్ళే. కనుక కొనవద్దని నేను చెప్పటం లేదు. బట్ట కట్టుకోకుండా ఎవరూ ఉండలేరు. కొత్త బట్ట కట్టుకోవాలన్న సరదా తప్పూ కాదు. తప్పల్లా ఎక్కడుందంటే, పది బట్టలు కొని రెండు కట్టుకోవటంలో ఉంది. బేరం కుదిరిందని కొనటం, అలమరలో పెట్టి మరచిపోవటం, మళ్ళీ బేరం రాగానే మళ్ళీ కొనటం. ఆ కట్టుకోని ఎనిమిది బట్టలకు కూడా ఎవరో మందు పీల్చారు, ఏదో ఏరు ఉప్పదేరింది. అదంతా దేనికోసం? అలమరలో మడత నలగకుండా ఉండటం కోసమే కదా.

ఒక చిన్న లెక్క చూడండి. మూడు వందల చొక్కా పదిసార్లు తొడిగి పారేస్తే, తొడిగిన ప్రతిసారీ ముప్ఫై రూపాయలు పడింది. తొమ్మిది వందలు పెట్టి గట్టి బట్ట కొని నూట యాభైసార్లు తొడిగితే, ఒక్కోసారికి ఆరు రూపాయలు. ఏది చవక? దుకాణం బోర్డు చెప్పే చవక వేరు, వాడుక చెప్పే చవక వేరు. ఇంకో మాట. ఒక బట్టను రెండింతల కాలం వాడితే, దాని వెనుక ఉన్న నీరు, మందు, ఉప్పు తొడిగినన్నిసార్లకు లెక్కవేస్తే సగమవుతాయి. ఇందుకు చట్టం అక్కరలేదు, కోర్టు అక్కరలేదు.

ఈ విద్య మనకు కొత్తది కాదు. మా అమ్మ చీర చిరిగితే పారవేసింది ఎన్నడూ లేదు. పై అంచు నాకు లాగుకు నాడా అయ్యేది. మెత్తబడిన నడిమి భాగం పసిపిల్లకు పొత్తిగుడ్డ అయ్యేది. మిగిలినవన్నీ వరుసగా పరిచి, ఎండాకాలం మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని బొంత కుట్టేవాళ్ళు. ఆ బొంత చిరిగాక మసిగుడ్డ. అది కూడా పోతే మట్టిలో కలిసేది, నూలు గనుక. పాత జరీ చీరలిచ్చి స్టీలు సామాను తీసుకోవటం మీ ఇళ్ళలోనూ జరిగి ఉంటుంది. ఇప్పుడు వచ్చే బట్టల్లో చాలా భాగం పాలియెస్టరు కలిసినవి. అది పెట్రోలియం నుంచి వచ్చిన నార. ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని పోగులు నీళ్ళలో కలుస్తాయి, ఏళ్ళు గడిచినా మట్టిలో కుళ్ళవు. ఆ బొంతకు మెత్తదనమూ రాదు.

కనుక నాలుగు చిన్న పనులు మనవి చేస్తాను. పండుగకు బట్టలు కొనేముందు ఒకసారి అలమర తెరిచి ఉన్నవి లెక్కపెట్టండి. కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకుండా బట్టను తిరగేసి కుట్టు చూడండి, ఎన్నేళ్ళు వస్తుందో అడగండి. చిరిగితే వీధిలోని దర్జీ దగ్గరికి పంపండి. మీరిచ్చే ఇరవై రూపాయలు మీ ఊళ్ళోనే తిరుగుతాయి. చేనేత నేసేవాళ్ళు మీ దగ్గరలో ఉంటే ఏడాదికి ఒక్కటైనా వాళ్ళ దగ్గర కొనండి. బరంపురంలో పట్టు నేసే దేవాంగుల మూలాలు మన తెలుగు నేలవే కదా. మగ్గం ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి కుటుంబం ఒకటి ఉంటుంది.

మనం సరిహద్దుల్లో ఉన్నవాళ్ళం. ఏటికి సరిహద్దు లేదని మనకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు. ఎగువన ఎవరో వదిలింది దిగువన మన బావిలో తేలుతుంది. మనం ఇక్కడ కొన్నది మరో రాష్ట్రంలో ఎవరి ఏటినో తాకుతుంది. ఈసారి దుకాణంలో చొక్కా చేతికి తీసుకున్నప్పుడు, ధర చీటీ చూశాక ఒక్క క్షణం ఆగండి. మిగిలిన డబ్బు ఎవరు కడుతున్నారని మనసులో అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ చేతిని ఒకసారైనా ఆపితే, ఈ పది నిమిషాల మాటకు సార్థకత కలిగినట్లే.